అయిదుకు మూడు

పార్సెళ్ళ గోదాము అధికారి హర్యోనో గారికి,

మా వీధికి పార్సెళ్ళు తెచ్చే తర్మూజి గురించి రాస్తున్నాను. ఈ లెబరాన్ పండగ రద్దీలో ఒకరోజు అతను సలాం చెప్పకుండా గేటు దగ్గర కేకేశాడు. మందలించాను.

"రోజుకి నూట అరవై ఇళ్ళు అమ్మమ్మా! అందరికీ సలాం చెబుతూ నిలబడితే మీ పండగ బట్టలు వచ్చే ఏడాది కట్టుకుంటారు," అని నవ్వాడు.

మర్యాద తగ్గిందని ఫోనులో అయిదు నక్షత్రాలకు మూడే ఇచ్చాను. నలభై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. నా దగ్గర మూడంటే మంచి మార్కే.

నిన్న పార్సెల్‌తో కొత్త మనిషి వచ్చాడు. "నాలుగుకి తగ్గితే పని ఆపేస్తారు అమ్మమ్మా. పండగ దాకా తర్మూజి ఇంట్లోనే," అన్నాడు.

తప్పు నాది. ఇచ్చినది మార్చడానికి ఫోను ఒప్పుకోవడం లేదు. కాబట్టి నా చేతిరాతతో ఇక్కడ వేస్తున్నాను: తర్మూజికి అయిదుకు అయిదు. ఇంతవరకు ఎవరికీ వెయ్యలేదు. దయచేసి రేపే అతన్ని పనిలోకి పిలవండి.

ఇట్లు,
నీలం గేటు ఇంటి ముసలమ్మ