గుంత

బావా,

క్షేమమేనని రాద్దామంటే మోకాలు ఒప్పుకోవడం లేదు. గీరుకుపోయింది, అంతే. అమ్మకి చెప్పకు.

సముద్రం పక్కనే దారి, ఎదురుగా పాత కోట. అక్క ఎంచి పెట్టిన దారే. ఇద్దరం సైకిళ్ల మీద వెళ్లేటప్పుడు ముందు నేను "గుంత" అని అరిస్తే, వెనక నుంచి అక్క "చూశా" అనేది. అక్క పోయాక నేను సైకిలెక్కడం ఇదే మొదలు. ఇవాళా అలవాటు కొద్దీ అరిచాను. జవాబు రాలేదేమని వెనక్కి తిరిగాను. ఆ గుంతలోనే పడ్డాను.

చేపల బుట్ట దించి నన్ను లేపినావిడ, "చూసుకోవద్దా తల్లీ" అంది.

గుంతని చూశాను బావా. "చూశా" అన్న మాటే వినబడలేదు.

నీ మరదలు