హుసేనయ్యను చూపించాలని, కాగితంలో రెండో పేరు కూడా చదవాలని

రెవెన్యూ డివిజనల్ అధికారి గారికి, ఆత్మకూరు.

అర్జీదారు: చెంచులక్ష్మి, భర్త కేశవ, వయసు 49, సేద్యం, ఉదయగిరి దాపు పల్లె.

అయ్యా,

విషయం: మా చెరువుగట్టు కాలనీ వాసి హుసేనయ్యను పోలీసులు పట్టుకుపోయి పన్నెండు దినములైనను కోర్టులో హాజరుపరచనందున, అతనిని చూపించి విడిపించుట గురించి.

పై విషయమై తమ సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా,

1. నేను మా ఊరి మహిళా సంఘానికి పదకొండేళ్లుగా లీడరుగా ఉన్నాను. చెరువుగట్టు కింద ఇరవై రెండు యానాది కుటుంబాలున్నాయి. ఊరికీ కాలనీకీ తగాదా వస్తే స్టేషన్ దాకా పోనివ్వకుండా నేనూ, కాలనీలో పెద్దదిక్కయిన మస్తానమ్మా కూర్చుని తీరుస్తాం. మా పద్ధతి ఒక్కటే. కొట్టినవాడు దెబ్బ తిన్నవాడి తల్లి ముందుకొచ్చి, చేసిన తప్పు తన నోటితో చెప్పాలి. ఆ తల్లి ఇచ్చిన మజ్జిగ తాగాలి. తాగితే అయిపోయినట్టే. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తరు.

2. గత నెల చెరువులో నీరు మోకాలి లోతుకు దిగిన సమయమున నా కుమారుడు హర్ష మా నిమ్మతోటకు ఇంజన్ పెట్టి, ఉన్న నీరు కాస్తా తోడసాగెను. చేపలు చచ్చిపోతాయని మస్తానమ్మ కొడుకు హుసేనయ్య వచ్చి ఇంజన్ ఆపాడు. నా కొడుకు పైపుతో కొట్టాడు. హుసేనయ్య కట్టె తీసుకుని తిరిగి కొట్టాడు. హర్షకు తల మీద నాలుగు కుట్లు పడ్డాయి, హుసేనయ్యకు భుజం వాచింది. ముందు కొట్టింది నా కొడుకే. కన్నతల్లిని, నేనే రాస్తున్నాను. మూడో రోజున ఇద్దరూ తప్పు చెప్పి మజ్జిగ తాగారు.

3. చెయ్యకూడని పని నేను ఇక్కడ చేశాను. సంఘంలో చాప కొన్నా తీర్మానం రాసి సంతకాలు పెట్టించడం నాకు అలవాటు. కుట్లు వేసిన ఆసుపత్రి నుంచి స్టేషన్‌కు కబురు పోయి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. "రాజీ అయ్యుంటే రాసియ్యమ్మా, ఫైలు మూసేస్తాం" అన్నాడు. మస్తానమ్మ వద్దంది. "మన పిల్లోళ్లు మన ముందర చెప్పుకున్న మాటమ్మా అది. పోలీసోళ్ల చేతికి ఎందుకిస్తా ఉండావు?" అని అడిగింది. నాకు చదువొచ్చునన్న పొగరు. ఇద్దరూ చెప్పింది చెప్పినట్టు రాసి, హర్ష చేత సంతకం, హుసేనయ్య చేత వేలిముద్ర పెట్టించి, నేనే స్వయంగా స్టేషన్లో ఇచ్చి వచ్చాను.

4. తదుపరి బుధవారం పగలు పదకొండు గంటలకు జీపు వచ్చి హుసేనయ్యను ఎక్కించుకొని పోయినది. ఆ కాగితంలో రెండు పేర్లున్నాయి. జీపు మా ఇంటి ముందు నుంచే పోయింది. తలకు కట్టుతో హర్ష అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. జీపు ఆగలేదు.

5. నేనూ మస్తానమ్మా రోజూ స్టేషన్‌కు తిరగగా మూడవ నాడు ఒక్కసారి చూడనిచ్చారు. అరికాళ్లు వాచి మనిషి నిలబడలేకపోయాడు. కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం లేదు. తల్లి వైపు చూడకుండా నాతో అన్నాడు: "అమ్మా, నువ్వు రాసింది నేను చెప్పిందే. దాన్ని నేను కాదన్ను. నువ్వు రాయనివి కూడా ఒప్పుకోమంటా ఉండారు. రెండేళ్లల్లో యాడ మోటార్లు పోయినా నేనే ఎత్తకపోయినానంట." నేను ఎస్సైని అడిగితే, "ఒకటి ఒప్పుకున్నోడు ఇంకోటి ఒప్పుకోడా? వేలిముద్ర నువ్వే తెచ్చిస్తివి గదమ్మా" అని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

6. ఐదవ నాటి నుండి, అట్టి పేరుగల వ్యక్తిని తాము తీసుకురానే లేదని స్టేషన్ వారు చెప్పుచున్నారు. కళ్లతో చూసి వచ్చామయ్యా. మనిషిని పట్టుకుపోతే ఇరవైనాలుగు గంటల్లో కోర్టు ముందు పెట్టాలని మాకు సంఘం ట్రైనింగులో చెప్పారు. నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. ఆ పేజీ చూపిస్తే, "పంచాయితీలు చేసేదానికి మీరెవురు? పోయి పొయ్యికాడ కూర్చోండి" అని బయటికి నెట్టారు. మస్తానమ్మ మెట్ల మీద పడి మోచెయ్యి చీరుకుపోయింది.

7. కాలనీ కుర్రాళ్లు ఇప్పుడు ఆడవాళ్ల మాట వినే స్థితిలో లేరు. నేను కావాలనే వేలిముద్ర వేయించి పోలీసులకు అప్పగించానని అనుకుంటున్నారు. నేను వాళ్ల స్థానంలో ఉన్నా అదే అనుకుంటాను. మా ఇంటాయన, "మన పిల్లోడు ఇంట్లో ఉండాడు గదా, ఇంకేం కావాల నీకు?" అంటున్నాడు. వాడు ఇంట్లో ఉన్నందుకే నాకు అన్నం సయించడం లేదు. మస్తానమ్మ మాత్రం రోజూ నా పక్కనే నడిచి స్టేషన్‌కు వస్తోంది. తిట్టినా బాగుండేది.

కావున తమరు దయచేసి వెంటనే స్టేషన్‌కు స్వయంగా వెళ్లి హుసేనయ్యను చూడవలెను. డాక్టరుకు చూపించవలెను. నేనిచ్చిన కాగితం తెప్పించుకుని రెండు పేర్లూ చదవవలెను. కేసు కట్టేటట్టయితే ఇద్దరి మీదా కట్టండి. రాజీ అయిందంటారా, అతన్నీ ఇంటికి పంపండి. మా కాలనీ ఏ స్టేషన్ కిందికి వస్తుందో తమకు తెలిసిందే, ఆ పేరూ ఎస్సై పేరూ ఇందులో వేయలేదు. నాకు భయంగా ఉంది. తమరు అడిగితే ఎదుట నిలబడి చెప్తాను.

ఇదంతా చిత్తగించవలెను. వేరే ఆఫీసుకు పంపి ఊరుకోకూడదని కోరుచున్నాను.

తమ విధేయురాలు,
చెంచులక్ష్మి

తా.క.: అర్జీ రాస్తుంటే హర్ష వెనక నిలబడి చదివాడు. "నా పేరు తీసెయ్‌మా, నీ కాళ్లు పట్టుకుంటా" అన్నాడు. తియ్యలేదు. వాడు నాతో మాట్లాడటం మానేశాడు. ఈ అర్జీని ఈ పూటే మనిషి చేత పంపుతున్నాను, నేనూ మస్తానమ్మా రేపు మొదటి బస్సుకు తమ ఆఫీసుకు వస్తున్నాం. ఆమె కొడుకు కోసం ఉతికిన చొక్కా, లుంగీ సంచిలో పెట్టుకుంది. అయ్యా, ఈలోగా తమరు కనుక్కుని, ఆ బట్టలతో పని లేదని తెలిస్తే, ముందు నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలవండి.