నా 'ఊ'లన్నీ టేపులోనే

12 ఆగస్టు 1998, బుధవారం

పొద్దున్న ఇంటర్వ్యూ మధ్యలో నాంచారమ్మ మామ్మ ఉన్నట్టుండి మాట ఆపేసింది. మొదటిసారి చేపల గంపతో గుడివాడ రైలెక్కిన రోజు గురించి చెబుతూ, గంపని సీటు కిందకి నెట్టేదాకా వచ్చి ఆగిపోయింది. టేపు మాత్రం తిరుగుతూనే ఉంది. రేడియోకి పంపాల్సిన నా తొలి ఇంటర్వ్యూ పాడైపోయిందనుకున్నాను.

"ఏమైంది మామ్మా?"

"ఊ అనవేంటే? గోడకి చెప్పుకోమంటావా?"

నా గొంతు టేపులో పడకూడదని కాలేజీలో మా మాస్టారు మరీమరీ చెప్పారు. అందుకే బిగుసుకుపోయి కూర్చున్నాను. ఇక ప్రశ్నల కాగితం మడిచేసి ఊ కొట్టడం మొదలుపెట్టాను. "ఆ తర్వాత?" అని కూడా అడిగాను. టీసీ ముక్కు మూసుకుని, టిక్కెట్టు అడక్కుండానే పక్క పెట్టెలోకి పారిపోయాడని చెప్పేసరికి ఇద్దరం పగలబడి నవ్వాం.

ఇందాక టేపంతా విన్నాను. నిండా నా ఊలే. కానీ ఆ తర్వాత మామ్మ ఎక్కడా ఆగలేదు. ఇంటర్వ్యూ దక్కింది. మాస్టారే ఏమంటారో...

రేపు పొద్దున్నే కాలేజీలో ఆయనకి వినిపిస్తాను. వింటూ వింటూ ఆయన కూడా ఎక్కడ ఊ కొడతారో చూడాలి.