సొరుగులో రిపోర్టు

జూలై 3, గురువారం
ల్యాబ్‌లో రిపోర్టులు టైప్ చేస్తా చేస్తా ఒక పేరు కాడ చెయ్యి ఆగిపాయె. జ్ఞానశేఖర్, 61. మా చర్చి సెక్రెటరీ. పోయిన వారం గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని ఆపరేషన్ చేసి గాల్‌బ్లాడర్‌నే తీసేసినారు. తీసింది మామూలుగా మా ల్యాబ్‌కు పంపినారు. ఎవరికీ అనుమానం లేదు. దాని గోడలో క్యాన్సర్ ఉండాది.

ఆయనకు ఈ పొద్దే ఫోన్ చేయమనింది మా ల్యాబ్ డాక్టర్ బిందుశ్రీ మేడమ్. లివర్‌కు పాకకముందే మళ్లా ఆపరేషన్ కావాలంట. సర్జన్‌కు కాపీ గూడ నేనే పంపాల. సరే అన్నా.

రిపోర్టు, కాపీ రెండూ నా సొరుగులో పెట్టి బీగం ఏసినా.

జూలై 4
మేడమ్ అడిగింది. ఫోన్ చేసినా, వస్తారంట అని చెప్పినా.

జూలై 6
కృపమణి మా అక్క. మోక అనే ఊర్లో హనుమేష్‌ను, హిందువును, చేసుకునింది. బైబిల్ మాత్రం వదల్లేదు. నాలుగేండ్ల కింద డెంగ్యూతో పాయె. పెట్టెను మిషన్ సమాధుల తోటకు తెచ్చినాము. గేటుకు బీగం. బీగంచెవి జ్ఞానశేఖర్ దగ్గర. పది నుంచి మూడు దాకా ఎండలో, టెంపోలో, మా అక్క. అమ్మ ఆయన కాళ్లు పట్టుకునింది. హిందువును చేసుకున్నోళ్లకు ఈడ చోటు లేదు, రూలంటే రూలే అన్నాడు.

మోకలో బావ మిరపచేను గట్టున పూడ్చినాము.

జూలై 9
భయమేస్తాదనుకున్నా. లేదు. అన్నం బాగా తింటాండా.

జూలై 13, ఆదివారం
చర్చిలో ఆయన లేచి సాక్ష్యం చెప్పినాడు. దేవుడు తన నొప్పిని వేర్లతో పెరికేసినాడంట. ఇంక మందుబిళ్ల గూడ అక్కర్లేదంట. అందరూ హల్లెలూయ అన్నారు. అందరికంటే నేను గట్టిగా అన్నా.

జూలై 17
సర్జన్ ఆఫీసు నుంచి ఫోన్. రిపోర్టు యాడ అని. ఇంకా రెడీ కాలేదన్నా. ఫోన్ పెట్టేసి సొరుగు బీగం మళ్లా లాగి చూసినా.

జూలై 19, శనివారం
జ్ఞానశేఖరే రిపోర్టు కోసం వచ్చినాడు. పదికి వచ్చినోణ్ణి మూడు దాకా బెంచీ మీద కూర్చోబెట్టినా. అప్పుడు ఇచ్చినా. ఇంగ్లీషు అర్థం కాలేదంట, చదివి చెప్పమన్నాడు. చదివినా. క్యాన్సర్ అని తెలుగులోనే చెప్పినా.

అద్దాలు పెట్టుకోని తారీఖు చూసినాడు.

“ఇది మూడో తారీఖుది గదమ్మా డెబోరా.”

“పేషెంటే వచ్చి తీసుకోవాల అంకుల్. రూలంటే రూలే.”

నా మొగం చూసి, రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేయబోయి మళ్లా కూర్చున్నాడు. రెండోసారి గోడ పట్టుకోని లేచినాడు. నేను చెయ్యి ఇయ్యలేదు.

జూలై 28
కంప్లయింట్ ఇస్తాడని దినామూ కాసుకోని ఉండా. ఇయ్యలేదు. మేడమ్‌కు చెప్పలేదు, పాస్టర్‌కు చెప్పలేదు, ఇంట్లోవాళ్లకు గూడ చెప్పలేదంట. ఎందుకు చెప్పడు? ఆ గేటు కాడ కంటే ఇప్పుడు ఎక్కువ కోపం వస్తాంది.

ఆగస్టు 31, ఆదివారం
బెంగళూరులో ఆయన కడుపు తెరిచి, అట్లే మూసేసినారంట. లివర్ నిండా ఉండాదంట. రిపోర్టు సొరుగులో ఉన్న ఆ పదహారు దినాల్లో పాకిందా, ముందే ఉండెనా, మేడమ్‌ను అడగలేదు.

ఆయన కోసం అందరినీ ప్రార్థన చేయమన్నారు. మోకాళ్ల మీద కూర్చోని చేసినా. ఏమని చేసినానో ఈడ రాయను.