ఎడమకాలి చప్పుడు

సూళగిరి
ఆదివారం సాయంత్రం

అన్న శశికుమార్‌కు,

చెల్లెలు నందిత నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నాయన, అమ్మ, నేను ఒంట్లో బాగానే ఉన్నాము. నీ ఆరోగ్యం కూడా కుదుటపడుతోందని నీ ఉత్తరంలోని అక్షరాలను చూసి అనుకున్నాను. కిందటిసారి వంకరగా పోయిన వరుసలు ఈసారి తిన్నగా ఉన్నాయి. ఫోను ముట్టనని నువ్వు పట్టుబట్టినందుకు అమ్మ ఇంకా సణుగుతూనే ఉంది. నాకైతే ఉత్తరమే నయం. కోయంబత్తూరు పునరావాస కేంద్రంలో నీ చుట్టుపక్కల మంచాలవాళ్లెవరికీ తెలుగు చదవడం రాదని రాశావు కదా. ఇప్పుడు రాయబోయేది వేరేవాళ్ల కంట పడకపోవడమే మంచిది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. గులాబీలకు ఈసారి వానలు ఎక్కువై ఆకుమచ్చ తెగులు పట్టింది. నాయన మందు కొడుతున్నాడు. అయినా హోసూరు పూల మార్కెట్‌కు పంపించే మొగ్గలకు లోటేమీ రాలేదు. అమ్మ మోకాలికి నూనె రాస్తున్నాను. రాసినంతసేపూ నీ మాటే. నీ మెడల్స్ గోడకు అలాగే ఉన్నాయి, తీసేయమని నువ్వు రాసినా ఎవరికీ చేతులు రాలేదు. నీ కాలును ఏం చేశామని అడిగావే, దానికి జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది. కాస్త ఆగి చెబుతాను.

కొత్త షూ ఎలా ఉందని అడిగావు. షూ కంపెనీలో నీ స్థానంలో నన్ను టెస్టింగ్‌కు తీసుకున్నప్పుడు, ఆ పరీక్షలు చూసే తమిళ్‌సెల్వి అక్క నాకు ఒకటే చెప్పింది: "కంపెనీకి ఏం కావాలో అది చెప్పొద్దు నందితా. పాదం ఏం చెప్తే అది చెప్పు." అలాగే చెబుతున్నాను. ఈ షూ నెమ్మది పరుగు కోసం చేసింది. పక్కవాళ్లతో మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగం ఉంటుందే, అంతకే. చూడటానికి సోల్ ఇటుకంత మందం, చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. అడుగు వేస్తే మెత్తగా దిగి, మెల్లగా పైకి లేపుతుంది. వేళ్లకు చోటు బాగా ఇచ్చారు. వాన పడ్డ తారు రోడ్డు మీద జారలేదు. పరుగెత్తిన మరునాడు మోకాళ్లు పట్టేయడం లేదు. లోపాలు కూడా ఉన్నాయి. వేగం పెంచామంటే మన బలాన్నంతా ఆ మెత్తదనమే మింగేస్తుంది, బురదలో పరుగెత్తినట్టుంటుంది. మలుపుల్లో చీలమండ కొంచెం ఊగుతుంది. మడమ చుట్టూ మెత్త ఎక్కువై ఎండ వేళ ఉడుకుతుంది.

ఇంకొకటి, దాన్ని లోపమనాలో గుణమనాలో తెలియదు. ఈ షూకు చప్పుడు లేదు. నా అడుగు నాకే వినపడదు.

అందుకే అది వినపడింది.

మన తోట మూల నుంచి బయలుదేరి సిప్కాట్ పారిశ్రామికవాడ ఫ్యాక్టరీల వెనక రోడ్డు మీద హైవే దాకా పోయి వస్తాను. నువ్వు పరుగెత్తిన దారే. లారీ వెనక్కి వస్తూ నిన్ను కొట్టిన దారే. తెల్లారాక, ఫ్యాక్టరీల బస్సులు రాకముందు అక్కడ ఎవరూ ఉండరు. షూ వేసుకున్న మొదటి వారంలోనే ఒక ఉదయం వెనక నుంచి అడుగుల చప్పుడు వచ్చింది. ఎవరో నాలాగే పరుగుకు వచ్చారనుకుని పక్కకు జరిగి దారి ఇచ్చాను. ఎవరూ ముందుకు పోలేదు. తిరిగి చూస్తే తడి రోడ్డు, రెండు వైపులా ప్రహరీ గోడలు, అంతే. మళ్లీ కదిలాను. అదీ కదిలింది. అప్పుడు శ్రద్ధగా విన్నాను అన్నా. థప్ అని ఒక అడుగు. తర్వాత రెండో అడుగు పడాల్సిన చోట ఖాళీ. మళ్లీ థప్. మళ్లీ ఖాళీ. కుంటితే అలా ఉండదు, గెంతితే అలా ఉండదు. మనిషి రెండు కాళ్లతో హాయిగా పరుగెత్తుతూ ఉంటే, అందులో ఒక్క కాలు మాత్రమే వినపడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

నేను ఆగాను. అది ఇంకొక్క అడుగు వేసి ఆగింది.

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. రెండు రోజులు జ్వరమని చెప్పి పడుకున్నాను. మూడో రోజు పాత షూ వేసుకుని పోయాను. ఏమీ వినపడలేదు. ధైర్యం వచ్చి కొత్త షూ వేసుకుంటే మళ్లీ అదే. అంటే పాత షూతో కూడా అది నా వెనక వస్తూనే ఉందన్నమాట, నా అడుగుల చప్పుడులో కలిసిపోయి ఉందన్నమాట. ఎన్నాళ్లుగా వస్తోందో తెలియదు.

తమిళ్‌సెల్వి అక్కకు మాత్రం చెప్పాను, షూలో ఏదైనా తేడా ఉందేమో అన్నట్టుగా. ఆమె నవ్వకుండా విని, మరునాడు స్కూటర్ మీద వచ్చి రోడ్డు మధ్యలో ఇంజన్ ఆపి నిలబడింది. నేను ఆమెను దాటి పోయి వెనక్కి తిరిగి వచ్చేసరికి హ్యాండిల్ గట్టిగా పట్టుకుని ఉంది.

"నీ వెనక ఎవరమ్మా?" అంది.

"ఎవరూ లేరక్కా."

"చూసినాను. ఎవరూ లేరు. దానికే అడగతా ఉండాను."

స్కూటర్‌కు స్టాండు వేసింది. తర్వాత ఆమే అంది: "ఆ కాలు నాకు తెలుసు నందితా. బయటి అంచు మింద పడి, ఆపైన చపాతీ కొట్టినట్టు వాలుతుంది. మన ట్రెడ్‌మిల్ మింద ఎన్నేండ్లు విన్నాను. ఎడమకాలు సరిగ్గా వెయ్యప్పా అని ఎన్నిసార్లు తిట్టినాను శశిని."

నాకు అప్పటికే తెలుసు అన్నా. చిన్నప్పటి నుంచి నీ వెనక పరుగెత్తినదాన్ని, నాకు తెలియదా? ఇంకొకరి నోట వినేదాకా ఒప్పుకోలేదు, అంతే.

లారీ తగిలిన చోటే ఆ చప్పుడు పుడుతుందని అనుకున్నాను. కాదు. ఒక ఉదయం ఇంటి నుంచే చెవులు రిక్కించి బయలుదేరాను. అది మన తోట మూలలో, కంచె పక్కన ఉన్న ఎర్ర గులాబీ చెట్ల దగ్గర మొదలైంది. మట్టిలో నుంచి ఎవరో అడుగు తీసి రోడ్డు మీద పెట్టినట్టు.

ఆ వారమే నీ కిందటి ఉత్తరం, ఆ వంకర వరుసలది, వచ్చింది. లేని పాదం ఉదయం పూట మండుతోందని, ఎవరో లేసు బిగించి కట్టినట్టు వేళ్లు నలుగుతున్నాయని, ఆ బాధకు కృత్రిమ కాలు మాదిరిని దగ్గరికి తెస్తేనే విసిరికొడుతున్నానని రాశావు. ఆ ఉత్తరం పట్టుకుని తోటలోకి పోయాను. నాయన మందు కొట్టే డబ్బా వీపున తగిలించుకుని ఉన్నాడు.

"నాయనా, అన్న కాలు యాడ ఉండాది?" అన్నాను.

ఆయన పంపు ఆపలేదు. నేను నీ ఉత్తరం చదివి వినిపించాను. మంట మాట దగ్గరికి వచ్చేసరికి డబ్బా దించి గట్టు మీద కూర్చున్నాడు.

"ఆస్పత్రిలో అతికేదానికి కాదన్నారు. చెత్తతోపాటు కాలుస్తామన్నారు. నా బిడ్డ కాలమ్మా అది. నేను ఇయ్యలేదు. అడుక్కోని తెచ్చుకున్నాను."

"మూలలో పెట్టినావా?"

తల ఊపాడు. "మీ అమ్మకు తెలీదు. చెప్పొద్దు."

"షూ తీసినావా?"

"చేతులు రాలేదమ్మా. లేసు కట్టింది కట్టినట్టే ఉండె. వాడే కట్టుకోనుంటాడు గదా పొద్దున్నే. నేనెట్ల విప్పేది? అట్లనే పెట్టి మూసేసినాను."

ఇదే అన్నా, నీ ప్రశ్నకు జవాబు. నీ కాలు మన తోటలోనే ఉంది. దీని తర్వాత మేము చేసిన పని నీకు చెప్పవద్దని నాయన అన్నాడు. కానీ అది నీ ఒంటిలో భాగం, నిన్ను అడగకుండా ముట్టుకున్నాం. కోపం వస్తే నా మీద చూపించు, ఆయన మీద వద్దు.

బుధవారం అమ్మ పూలు తీసుకుని హోసూరు పోయింది. పొద్దు బాగా ఎక్కాక నాయన, నేను మూలలో తవ్వాము. ఎక్కువ లోతు లేదు. ముందు షూ మడమ కనపడింది. నాయన చేతులతోనే మట్టి తీశాడు. గులాబీ వేరు ఒకటి సన్నగా వచ్చి లేసు రంధ్రాల్లోకి దూరి, ఒకదాంట్లో నుంచి ఇంకోదాంట్లోకి పోయి, లేసుతోపాటు పెనవేసుకుని బిగిసి ఉంది. నువ్వు ఉత్తరంలో రాసినట్టే, ఎవరో కూర్చుని కట్టినట్టే ఉంది. నాయన దాన్ని చూసి "అయ్యో అప్పా" అని మెల్లగా అన్నాడు, నిన్నే పిలిచినట్టు.

భయం వేసింది దానికి కాదు. ఆయన షూను పైకి తీసి తిప్పినప్పుడు నేను అడుగు భాగం చూశాను. ఆ రోజు నువ్వు వేసుకున్నది డబ్బాలో నుంచి తీసిన కొత్త జత. నేనే ఇచ్చాను కదా నీ చేతికి. ఆ సోల్ నున్నగా అరిగిపోయి ఉంది. బయటి అంచున రబ్బరు పోయి లోపలి పొర కనపడుతోంది. మట్టిలో కూర్చున్న షూ అలా అరగదు. షూలు పరీక్షించే పని చేసే మనిషిని నేను, నాకు తెలుసు. నాయనకు చెప్పలేదు. ఆయనా చూశాడేమో, నాకు చెప్పలేదు.

ఆయన పూలు కోసే కత్తితో వేరు కోసి, లేసు విప్పాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను. తమిళ్‌సెల్వి అక్కను అడిగి, నీ సైజులో ఈ కొత్త షూ ఒకటి, ఎడమది మాత్రమే తెచ్చి పెట్టుకున్నాను. ఎందుకని ఆమె అడగలేదు. సంచిలో పెట్టి ఇస్తూ "లేసు వదులుగా కట్టమను" అంది. నాయన నీ పాదాన్ని దాంట్లో పెట్టి, తన కొత్త తువ్వాలు కప్పి మట్టి వేశాడు. పాత షూను ఇద్దరం కలిసి కాల్చేశాము. సాయంత్రం అమ్మ వచ్చి మూలలో మట్టి ఎందుకు కదిలిందని అడిగితే నాయన చెట్టుకు ఎరువు పెట్టానన్నాడు.

మరునాడు రోడ్డు మీద ఏమీ వినపడలేదు. ఆ మరునాడు కూడా అంతే. శుక్రవారం మీ వార్డెన్ నాయనకు ఫోను చేశాడు. నీ మంట తగ్గిందట, రాత్రి ఏడవకుండా నిద్రపోయావట, కృత్రిమ కాలికి కొలతలు ఇచ్చావట. అమ్మ ఫోను పట్టుకునే దేవుడి గదిలోకి పోయింది. నాయన నా వైపు చూసి బయటికి పోయాడు.

అందరూ సంతోషించారు. నేను ఒక్కదాన్నే సంతోషించలేదు, అదే నీకు చెప్పలేక ఇంతసేపూ ఏవేవో రాశాను. భయం మొదటి నాలుగు రోజులే అన్నా. తర్వాత నేను ఆ చప్పుడు కోసమే లేచి పోయేదాన్ని. నువ్వు మాట్లాడవు, ఫోను ఎత్తవు, చూడటానికి రావద్దంటావు. నీ కాలు మాత్రం రోజూ నాతో వచ్చేది. దానికి కబుర్లు చెప్పేదాన్ని. నువ్వు అక్కడ మంటతో పళ్లు కొరుక్కుంటున్న సమయంలోనే నేను ఇక్కడ హాయిగా పరుగెత్తుతున్నానని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. తెలిశాక కూడా తవ్వడానికి రెండు ఉదయాలు ఆలస్యం చేశాను, ఆ రెండు ఉదయాలూ అది నాతో ఉంటుందని. నన్ను క్షమించు.

ఇక ఈ రోజు సంగతి. రాత్రంతా వాన పడి, తెల్లారేసరికి తగ్గింది. తోట మూల దాటి రోడ్డెక్కితే తారు మీద ఎర్రమట్టి అచ్చులు కనపడ్డాయి. ఈ కొత్త షూ అచ్చులే, నా సైజు కంటే పెద్దవి. అన్నీ ఎడమవే. చప్పుడు లేని షూ కదా, ఆగిపోయిందనుకున్నాను. ఆగలేదు.

ఇన్నాళ్లూ అది నా వెనక వచ్చేది. ఇవాళ నాకన్నా ముందు పోయింది. అచ్చుల వెంట పరుగెత్తాను. ఎక్కడా తడబాటు లేదు, ఒకదానికొకటి సమాన దూరంలో, నెమ్మది పరుగులో వేసినట్టే ఉన్నాయి. నేను రోజూ వెనక్కి తిరిగే చోట అవి తిరగలేదు. హైవే ఎక్కి కృష్ణగిరి వైపు మళ్లాయి. సేలం, అటునుంచి కోయంబత్తూరు పోయే దారి అది. లారీలు పోతున్న పక్కన తెల్ల గీతకు లోపలగా, జాగ్రత్తగా పోయాయి. మట్టి అయిపోయి అచ్చులు మాసిపోయిన చోటు దాకా చూస్తూ నిలబడ్డాను. వెనక్కి వచ్చి తోట మూల చూశాను. నాయన అప్పటికే అక్కడ ఉన్నాడు. మట్టి గుంట పడి ఉంది. తువ్వాలు మడిచి పక్కన పెట్టి ఉంది.

"పోయినాడమ్మా," అన్నాడు నాయన.

ఈ ఉత్తరం ముందు చేరుతుందో, అది ముందు చేరుతుందో తెలియదు. అందుకే ఈ సాయంత్రమే పోస్టు డబ్బాలో వేస్తున్నాను. ఏదో ఒక తెల్లవారుజామున మీ వరండాలో చప్పుడేమీ లేకుండానే ఎవరో వచ్చి నిలబడ్డట్టు నీకు అనిపిస్తే కేక వేయకు, పక్కవాళ్లను లేపకు. చాలా దూరం నుంచి వచ్చి ఉంటుంది. తలుపు తీయి అన్నా.

ఇట్లు,
నీ రాక కోసం కాచుకుని ఉన్న చెల్లెలు
నందిత