లోహం ఒకటి, స్టాకులో లేదు

తార్నాక, జూన్ 3

స్టోర్స్ సూపరింటెండెంట్ ఇన్నయ్య సార్‌కు, ఫిజిక్స్ స్కాలర్ ధరణి నమస్కారాలు.

ముప్పయ్యో తేదీలోగా థీసిస్ ఇవ్వకపోతే నా ఆరేళ్ల చదువు గంగలో కలుస్తుంది. దానికి మీ స్టోర్స్‌కు నేనేమీ బాకీ లేనని మీ నో డ్యూస్ కావాలి. నేను అప్పజెప్పాల్సింది గోరంత లోహం ముక్క ఒక్కటే. వచ్చి చూసుకోండి.

ఇట్లు, ధరణి

తా.క.: సంతకమే కదా సార్, నిమిషం పని!

యూనివర్సిటీ స్టోర్స్, జూన్ 9

కుమారి ధరణికి,

తనిఖీకి వచ్చాం. ముక్క చలిపెట్టెలో ఉంది. మీటరు పెడితే కరెంటు పారలేదు. "బాగా చల్లబడితే ఇది లోహంగా ఉండదు సార్" అని మీరే అన్నారు. రిజిస్టరులో "లోహం, ఒకటి" అని ఉంది. కనుక యూనివర్సిటీ లోహం మీ దగ్గర పోయినట్టు రాసుకున్నాం.

ఇట్లు, ఇన్నయ్య

తా.క.: ఇకపై గేటు దగ్గర మీ బ్యాగు చూస్తారు. ఏమనుకోకండి.

తార్నాక, జూన్ 10

ఇన్నయ్య సార్‌కు,

పోలేదు సార్! ముక్క అదే, లోపల ఎలక్ట్రాన్లు కదలక మొరాయించాయి. లేజర్ వెలుగు తగిలితే మళ్లీ లోహమవుతుంది, సెకనులో లక్ష కోట్లవ వంతు లోపే. ఆ మార్పును పట్టుకోవడమే నా థీసిస్. మీ తనిఖీ కమిటీతో రండి, చూపిస్తాను.

మీ ధరణి

తా.క.: గేటు దగ్గర నా టిఫిన్ డబ్బా విప్పించి, పప్పుచారు కూడా రాసుకున్నారు.

యూనివర్సిటీ స్టోర్స్, జూన్ 19

కుమారి ధరణికి,

కమిటీ చూసింది. సభ్యులు ఉప్పలయ్య గారు "ఏందమ్మా, లైటు టిక్కుమన్నది, గంతే! నాకైతే ఏం కనవడలే" అని సంతకానికి ఒప్పుకోలేదు. ఇంకో సభ్యురాలు రాహేలు మేడం సంతకం పెట్టారు గానీ, అది వెంటనే మళ్లీ మారిపోయిందని మీరు చెప్పేసరికి కొట్టేశారు. ఈసారి కమిటీకి వీలుగా, కాస్త నిదానంగా మార్చగలరు.

ఇట్లు, ఇన్నయ్య

తా.క.: మనిషికి పది నిమిషాలు చాలు.

తార్నాక, జూన్ 26

సార్,

అది నిదానంగా మారదు! పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టాను. మామూలు గది వేడిలో అది లోహమే, మీటరు ఎవరు పెట్టినా పలుకుతుంది. ఇంక నాలుగు రోజులే ఉన్నాయి. నాకు ఏడుపొస్తోంది సార్.

ధరణి

తా.క.: మా ప్రొఫెసర్ గారు కూడా ఏడుస్తున్నారు.

లాలాపేట్, జూన్ 27

అమ్మా ధరణీ,

ఇది ఇంటి నుంచి రాస్తున్నాను. నీ నో డ్యూస్ సంతకంతో సహా జతచేశాను. ముప్పయ్యో తేదీన నేను రిటైరవుతున్నాను. అందుకు నాకూ నో డ్యూస్ కావాలి తల్లీ. స్టోర్స్ సామానంతా నా పేరు మీదే ఉంది, నీ లోహంతో సహా. నా స్థానంలో వచ్చే జశ్వంత్ ప్రతిదీ చూసి గానీ తీసుకోనంటున్నాడు. ఈ మూడు రోజులూ దాన్ని చల్లబడనివ్వకు, నీకు పుణ్యముంటుంది.

నీ శ్రేయోభిలాషి, ఇన్నయ్య

తా.క.: ముందుజాగ్రత్తగా మీ ల్యాబులో ఏసీ ఆపించాను. ఒకటో తేదీ నుంచి అది లోహమో కాదో జశ్వంత్ చూసుకుంటాడు.