సింగం గజ్జి మామూలే గనుక

పశువైద్య శాఖాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మందు వేయడానికి మామూలు, పట్టుకుపోవడానికి ప్రమాదకరం అని తమ కార్యాలయం తేల్చిన మా కుక్క చర్మం గురించి.

తమ ఆఫీసు వీధిలో కటింగ్ షాపు నడుపుకొను నేను మనవి చేయునది:

1. మా కుక్క సింగానికి చెవుల నుండి తోక దాకా గజ్జి పట్టి బొచ్చు ఊడినది. షాపుకు వచ్చినవారు దాన్ని చూసి, "ముందు దీనికి గుండు కొట్టి చెయ్యి కుదుర్చుకున్నావా?" అని నవ్వుకుంటూ పక్క షాపుకు పోతున్నారు.

2. తమ ఆసుపత్రికి తీసుకుపోగా, అక్కడ వరుసలో ఉన్న కుక్కలూ పిల్లులూ సగానికి సగం గోక్కుంటూనే ఉన్నవి. డాక్టరు గారు కుర్చీలోంచి లేవకుండానే, "ఇది అన్నిటికీ ఉండేదేనయ్యా, మామూలే. ఏదైనా రోగమొస్తే తీసుకురా" అని సెలవిచ్చారు. అందరికీ ఉంటే అది రోగం కాదను శాస్త్రము మాబోటివారికి కొత్త. ఈ లెక్కన ఊరంతా తగలబడితే ఫైరింజను రానక్కరలేదు.

3. ఇంతలో ఎదురింటావిడ ఫిర్యాదు చేయగా, అదే డాక్టరు గారి సంతకంతో ఉత్తర్వు వచ్చినది. "ప్రమాదకరమైన అంటువ్యాధి. సోమవారం వ్యాను వచ్చి తీసుకుపోవును." తిరిగి పంపే మాట అందులో లేదు. చూడకుండా మామూలన్నారు, చూడకుండానే ప్రమాదమన్నారు. గజ్జి గలవాడికి లజ్జ ఉండదంటారు గానీ, ఇక్కడ గజ్జి మా సింగానిది, లజ్జ లేనిది తమ శాఖకు.

4. మా చిన్నమ్మాయి బడి మానేసి, సింగాన్ని పట్టుకుని గుమ్మంలో కూర్చున్నది. "వ్యానొస్తే నేనూ ఎక్కేస్తా నాన్నా" అంటున్నది. దీనికి ఏ నిబంధన కింద జవాబు చెప్పవలెనో తెలుపగలరు. నాకైతే ఏడుపొస్తోంది సార్.

కావున వ్యాను ఆపించి మందు ఇప్పించవలెనని ప్రార్థన. తీరిక దొరికినప్పుడు కాదు, సోమవారం లోగా చిత్తగించవలెను.

విధేయత ఇంకా కాస్త మిగిలియున్న
తమ విధేయుడు,
తమకు క్రాపు చేయువాడు

తా.క. నిన్న క్రాపు చేస్తుంటే తమ మెడ వెనక గుండ్రంగా ఎర్రటి మచ్చ కనబడింది. తమ పిల్లి రోజూ తమ భుజం మీదే, ఆ మచ్చ పక్కనే పడుకుంటుందని, దాని చెవి దగ్గరా అలాంటిదే ఉందని తమరే ముద్దుగా చెప్పారు. కంగారు పడకండి సార్, మామూలే. మందు తెప్పిస్తే ముగ్గురికీ తెప్పించండి. వ్యానే వస్తే మాత్రం దారి నేనే చూపిస్తాను. ముందు మా ఇల్లు, ఆ తర్వాత మీ ఇల్లు.